పచ్చబొట్టు నంబరు

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు ఏళ్లలో అనంతపురంలో ఒక ఆసుపత్రి కౌంటరు దగ్గర కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. పేదలకు ఉచితంగా ఆపరేషన్ చెయ్యాలంటే కుటుంబ గుర్తింపు కార్డు నంబరు కావాలి. అది సరైందో కాదో తేల్చే ప్రోగ్రాం నేనే రాశాను. ఆఖరి అంకె మిగతావాటికి కాపలా. ఒక్కో అంకెను దాని స్థానంతో గుణించి, అన్నీ కూడి, పదకొండుతో భాగిస్తే మిగిలేది ఆఖరి అంకెతో కలవాలి. కలవకపోతే తెర మీద ఎర్రగా 'చెల్లదు' అని పడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుందని నాకు భలే గర్వంగా ఉండేది.

ఒక ఎండాకాలం పామిడి వైపు నుంచి ఒకామె వచ్చింది. గుండెజబ్బున్న ఆమె భర్త వరండాలో స్ట్రెచర్ మీద ఉన్నాడు. కార్డు అడిగితే ముంజేయి చాపింది. కూలికి ఊళ్లు పట్టుకుని తిరిగేవాళ్లు కాగితం ఎక్కడ దాచుకుంటారు? చెదలు తినేస్తాయన్న భయంతో నంబరును పచ్చబొట్టు పొడిపించుకుందట. పొడిచినామెకు చదువు రాదు, ఆకారం చూసి దించింది. తర్వాత కార్డును నిజంగానే చెదలు తినేశాయి.

కొట్టాను. చెల్లదు. మళ్లీ కొట్టాను. చెల్లదు.

"యాడ తప్పు పాపా? చెయ్యి నాదే కదా" అనింది.

"చేతిలో తప్పు లేదమ్మా, నంబర్లో ఉండాది" అన్నాను. డాక్టరు అప్పటికే రెండుసార్లు మనిషిని పంపాడు. నంబరు లేనిదే లోపలికి తీసుకోరు. నా ప్రోగ్రాం మీద నాకే ఒళ్లు మండింది. తప్పుందని చెబుతుంది, ఎక్కడుందో చెప్పి చావదు.

ఆమెను బయట కూర్చోమని, పక్కపక్క అంకెలను జత తర్వాత జత మార్చి చూస్తూ పోయాను. రెండు నంబర్లు లెక్కలో నెగ్గాయి. మొదటిది సోమందేపల్లెలో ఎవరిదో. రెండోది కొట్టగానే తెర మీద ఆమె భర్త పేరు, ఊరు వచ్చాయి. చీటీ రాసి డాక్టరు పంపిన మనిషికిచ్చాను, స్ట్రెచర్ లోపలికి కదిలింది.

వరండాలో ఆమె లేదు. కుళాయి దగ్గర కూర్చుని కంకరరాయితో ముంజేయి గీకుతోంది. తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది.

"అమ్మా, నంబరు దొరికింది. ఆయన్ను లోపలికి తీసుకపోయినారు" అని చెయ్యి పట్టుకోబోయాను.

విదిలించుకుంది.

"చేతిమీద తప్పు నంబరు పెట్టుకొనుంటే మళ్లా బయటికి తోస్తారు పాపా. ఉండు, ఇంకా రెండంకెలుండాయి."