పన్నెండు వెన్నులు

గార్డుగారు ఎన్నడూ రైల్వేలో పనిచేయలేదు. నీటిపన్ను కార్యాలయంలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే దిగారు. జీవితంలో రైలెక్కింది మూడుసార్లు, మూడుసార్లూ వాంతులు. అయినా బుల్లి రైళ్ళ నమూనాలు చేసుకునేవారి కోసం వెలువడే ఒక మాసపత్రికను ఒక్క నెల తప్పకుండా తెప్పించుకోవడం చూసి, వీధివాళ్ళే ఆయనకా ఉద్యోగం ఇచ్చారు. పచ్చజెండా ఒక్కటే ఇవ్వలేదు.

ఆ పత్రిక చదివి ఆయన స్వహస్తాలతో నిర్మించింది ఒకే ఒక్క అగ్గిపుల్లల వంతెన. ప్రారంభోత్సవం నాడు దాని మీద పిల్లి కూర్చుంది. దాంతో నిర్మాణశాఖ మూతపడి గ్రంథాలయశాఖ మాత్రం మిగిలింది.

కానీ ఈ కథ ఆయనది కాదు, ఆ పత్రికలను కుట్టిన బైండరుది.

బైండరు ఇంటి ముందుగదే కొట్టు. చక్రం తిప్పితే కత్తి దిగే కటింగ్ మిషను, కుట్టుబల్ల, మైదా జిగురు గిన్నె, ఎప్పటికీ తరగని కాగితపు ముక్కలు. మనిషి మితభాషి. ఎక్కువ మాట్లాడితే జిగురు ఆరిపోతుందన్నట్టు ఉండేవాడు.

అతనికొక కూతురు ఉండేది. తొమ్మిదో ఏట జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయింది. చురుకైన పిల్ల. ఒక్క చోట తప్ప చదువులో వంక పెట్టడానికి లేదు. ఏడెనిమిదులు ఎంతంటే యాభై నాలుగు అనేది. తల్లి కోప్పడింది, బతిమాలింది, వంటింటి గోడ మీద సుద్దతో రాసిపెట్టింది.

"అమ్మా, నీ యాభై ఆరు నీది, నా యాభై నాలుగు నాది. మధ్యలో నీకెందుకు చెప్పు" అనేది పిల్ల.

ఆ సరిహద్దు తగాదా తేలకుండానే మిగిలిపోయింది.

నెల తర్వాత తల్లి తొమ్మిది నోటు పుస్తకాలు తెచ్చి కుట్టుబల్ల మీద పెట్టింది.

"ఇవి ఇంట్లో ఉండకూడదు. పారెయ్యనూ కూడదు."

"సరే."

"ఎక్కడ పెడతారో నాకు చెప్పొద్దు."

ఏ న్యాయస్థానమూ ఇంత చిక్కు తీర్పు ఇచ్చి ఉండదు. బైండరు వారం రోజులు ఆ కట్ట పక్కనే కూర్చుని పనిచేశాడు. ఆ వారాంతంలో గార్డుగారు పన్నెండేళ్ళ పత్రికలు బండి మీద వేసుకొచ్చి, ఏడాదికో సంపుటం చొప్పున కుట్టమన్నారు.

పుస్తకం కుట్టాక, కుట్టు పడిన అంచుకి, అంటే వెన్నుకి, జిగురు రాసి, గట్టిదనం కోసం చిత్తుకాగితం అతికిస్తారు. దాని మీద గుడ్డ, గుడ్డ మీద అట్ట. ఆ కాగితాన్ని మళ్ళీ ఎవరూ చూడరు. మామూలుగా అయితే పాత వార్తాపత్రిక సరిపోతుంది. ఆ పన్నెండింటికీ మాత్రం బైండరు కూతురి నోటు పుస్తకాల కాగితాలను నిలువుగా కోసి, రాత లోపలివైపుకి వచ్చేలా, పొర మీద పొర వేసి అతికించాడు. గార్డుగారు కాలిన అగ్గిపుల్ల కూడా పారెయ్యని మనిషి. అంతకన్నా భద్రమైన ఖజానా అతనికి తెలియదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం గార్డుగారింటికి వెళ్ళేవాడు. అలమర ముందు నిలబడి, "పుస్తకాలు బాగున్నాయాండీ" అని అడిగి, పన్నెండు వెన్నులూ ఒక్కొక్కటే వేలితో తడిమేవాడు. తన వీధిలో రెండో రైలు భక్తుడు దొరికాడని గార్డుగారు పొంగిపోయి, సిగ్నళ్ళ గురించి గంటసేపు చెప్పేవారు. బైండరు ఇరవై రెండేళ్ళు సిగ్నళ్ళ గురించి విన్నాడు.

ఈమధ్య గార్డుగారి భార్యకు దగ్గు పట్టుకుంది. డాక్టరు దుమ్మన్నాడు. ఆవిడ అలమర వైపు చూసింది.

"ఇంట్లో నేనన్నా ఉండాలి, ఆ రైళ్ళన్నా ఉండాలి. ఆలోచించుకుని చెప్పండి, తొందరేం లేదు."

ఆయన రెండు రోజులు ఆలోచించారు. ఆ రెండు రోజుల సంగతి ఆవిడ ఇంకా మరిచిపోలేదు. చివరికి పత్రికలన్నీ స్కాన్ చేయించి కంప్యూటర్లో దాచుకోవాలని సంధి కుదిరింది. మర్నాడు ఉదయం బండి కొట్టు ముందు ఆగింది.

"వెన్నులు కోసెయ్యాలి బైండరూ. కాగితాలు విడివిడిగా ఉంటేనే ఆ మిషన్ మింగుతుందట."

బైండరు బండి వైపు చూశాడు. "అన్నీనా అండీ?"

"అన్నీనూ. నువ్వు కుట్టినవి ఇంకొకడి చేత కోయిస్తే నీ మనసు కష్టపడుతుందని నీ దగ్గరికే తెచ్చా."

"వెన్నులు మీకు కావాలా?"

"వాటినేం చేసుకుంటానయ్యా? అందులో ఏముంది? పొయ్యిలో పడెయ్."

ఒక్క మాట చెబితే గార్డుగారు మారుమాట్లాడకుండా బండి వెనక్కి తిప్పేవారు. అలాంటి మనిషే. కానీ అప్పుడు ఆయన భార్య దగ్గుతూనే ఉండేది. బైండరుకి ఈ రెండూ తెలుసు. ఆ ఒక్క మాటా ఇరవై రెండేళ్ళుగా ఎవరితోనూ అనలేదన్నదీ తెలుసు. లేచి మొదటి సంపుటాన్ని మిషన్ మీద పెట్టి, కత్తిని వెన్నుకి ఇంకాస్త దూరంగా జరిపాడు.

"అంత లోపలికా? అక్షరాలు పోవూ?"

"ఏ అక్షరమూ పోదండీ."

మధ్యాహ్నానికి బండి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏటేటా కుట్టిన సంపుటాల వెన్నులు చెత్తలోకి, ఆ పన్నెండూ ఒక గోనెసంచిలోకి చేరాయి. సంచి కుట్టుబల్ల కిందికి వెళ్ళింది. ముందుగది ఇంట్లో భాగమా కాదా అన్న న్యాయసందేహంతో బైండరు వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

వారం తర్వాత గార్డుగారు పెన్‌డ్రైవ్ అనే గోరంత వస్తువొకటి అరచేతిలో పెట్టుకుని వచ్చారు.

"ముప్పై నాలుగేళ్ళూ ఇందులోనే. ఒక్క అక్షరం పోలేదు బైండరూ."

"మంచిదండీ."

"ఆదివారం రా, చూపిస్తా."

"చూస్తానండీ" అన్నాడు కానీ, ఆదివారం వెళ్ళలేదు. ఆ రోజు ఊడవడానికి ముందుగదిలోకి వచ్చిన భార్య, అతను ఇంట్లోనే ఉండటం చూసి ఆశ్చర్యపడి, చీపురికి అడ్డొచ్చిన సంచిని బయటికి లాగింది. బైండరు భార్యకు వెన్ను అంటే తెలుసు. గుడ్డ అంచు కింద నీలిగీతల కాగితం కనబడింది. చీపురు పక్కన పెట్టింది.

"ఇవేనా?"

"ఇవే."

"ఇన్నాళ్ళూ గార్డుగారింట్లోనా?"

"అక్కడే."

"అందుకా ఆదివారం వస్తే చాలు, రైళ్ళ మీద అంత ప్రేమ పుట్టుకొచ్చేది." నేల మీద కూర్చుంది. "ఒకటి చూపించండి."

"రాత లోపలివైపుంది. తడిపితే గానీ ఊడదు. పెన్సిలుదైతే ఉంటుంది, రెండో తరగతి దాకా పెన్సిలే. అది తీస్తాను."

"ఆఖరిది తీయండి."

"అది సిరాది. తడిస్తే పోతుంది."

"చూసేదాకా ఉంటుందా?"

బైండరు తన నలభై ఏళ్ళ వృత్తి అనుభవాన్నంతా తిరగేసి చూసుకున్నాడు. "చూసేదాకా ఉంటుంది."

వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చాడు. ఆఖరి నోటు పుస్తకం అతికించిన పన్నెండో వెన్నుని అందులో పెట్టి, జిగురు మెత్తబడేదాకా ఇద్దరూ పళ్ళెం పక్కనే కూర్చున్నారు. ముందు అట్ట, దాని కింది గుడ్డ ఊడి వచ్చాయి. తర్వాత ఒక పొర. అతను దాన్ని రెండు చేతులా ఎత్తి, నీళ్ళలోనే వెల్లకిలా తిప్పాడు.

ఏడో ఎక్కం. నాలుగు వేళ్ళ వెడల్పున నిలువుగా దిగుతోంది. ఆమె మొహం నీళ్ళ దగ్గరికి తెచ్చి, ఒకప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చదివించిన గొంతుతోనే పైనుంచి చదవసాగింది. ఏడొకట్లు ఏడు. ఏడు రెళ్ళు పధ్నాలుగు. వరస దిగుతుంటే వెనకాల పై అంకెలు చెదిరిపోతున్నాయి. ఆమె తొందరపడలేదు. ఎనిమిది దగ్గరికి వచ్చింది.

"యాభై నాలుగు" అంది. "చూశారా. మళ్ళీ అదే."

బైండరు చూశాడు. ఏడు కరిగింది, ఎనిమిది కరిగింది. యాభై నాలుగు కాసేపు మొండికేసి, అది కూడా నీళ్ళలో కలిసింది. ఉత్త నీలిగీతల కాగితం మిగిలింది.

తర్వాత అతను మెల్లగా లేచి, పళ్ళెం పట్టుకుని పెరటి వైపు నడిచాడు.

"పారెయ్యకండి" అంది ఆమె.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతుల్లో నీళ్ళు లేతనీలంగా కదులుతున్నాయి.