లేడు సంఘం మేస్త్రి

మోటారు మేస్త్రికి దేవుడు లేడు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలితే ఆయనే పిలిచి చెప్పేవాడు. కాలిపోయిన ఫ్యాను పట్టుకుని షాపుకి వచ్చిన మనిషికి ముందు కాయిలు ఎందుకు కాలిందో చెప్పేవాడు, ఆ తర్వాత మెల్లగా ఈ లోకాన్ని ఎవరూ నడపడం లేదన్న సంగతి దాకా వెళ్ళేవాడు. ఫ్యాను బాగయ్యేసరికి పాపం ఆ మనిషికి తల వాచిపోయేది. అయినా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన చుట్టిన మోటారు మళ్ళీ తొందరగా కాలేది కాదు మరి.

ఆయన సంఘానికి బోర్డు మీద రాసుకున్న పేరు హేతువాద సంఘం. ఊరు మాత్రం ఆ పేరు పలకలేక, పలకబుద్ధి కాక, లేడు సంఘం అని పిలిచేది. నెలకొక శనివారం సాయంత్రం లైబ్రరీ మేడ మీది హాల్లో వీళ్ళకీ, దేవుడున్నాడనే వాళ్ళకీ వాదం జరుగుతుంది. రెండు బల్లలు, మధ్యలో గంట పెట్టుకుని లైబ్రేరియను. ఒక బల్ల దగ్గర మేస్త్రి, రెండో బల్ల దగ్గర బోధకుడు. ఇద్దరూ నల్లటి జుట్టుతో మొదలుపెట్టారు. ఇప్పుడు ఒకాయనకి జుట్టు తెల్లబడింది, ఇంకొకాయనకి అసలు లేదు. ఒకరి వాదన ఒకరికి ఎంత కంఠస్థమైపోయిందంటే, ఒకసారి బోధకుడికి మధ్యలో దగ్గు తెర వస్తే, ఆయన చెప్పబోయే ఉదాహరణ మేస్త్రే చెప్పి పూర్తిచేశాడు. చెప్పి, వెంటనే దాన్ని ఖండించాడు కూడా. జనం పగలబడి నవ్వారు.

ఆ నవ్విన వాళ్ళలో మేస్త్రి భార్య ఉంది. ఆవిడ కుర్చీ ఎప్పుడూ ఆఖరి వరసలో, కిటికీ పక్కన. అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేది, ఆయన గొంతు కోసం ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చేది, అయిపోయాక మళ్ళీ కుర్చీలు సర్దించి దీపాలు ఆర్పేది. ఒక్క వాదమూ మానలేదు. సంఘంలో అందరూ ఆవిణ్ణి మనమనిషే అనుకున్నారు. మేస్త్రి కూడా అలాగే అనుకున్నాడు.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఆవిడకి జ్వరం వచ్చింది. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో చేర్చారు గానీ లాభం లేకపోయింది, పోయింది.

లేడు సంఘంలో ఒక పద్ధతి ఉంది. దాన్ని వాళ్ళు నిలబడ్డ మాట అంటారు. సభ్యుడి ఇంట్లో ఎవరైనా పోతే, తర్వాతి వాదంలో అతనే ముందుగా వేదిక ఎక్కి, పోయిన మనిషి ఎలా పోయిందో, దేవుణ్ణి పిలవకుండా తామంతా ఎలా తట్టుకున్నారో నాలుగు మాటలు చెప్పాలి. "చావు మీ గడప తొక్కితే అప్పుడు తెలుస్తుంది, దేవుడు లేడని ఎలా అంటారో" అని అవతలి వాళ్ళు పదేపదే అంటుంటే ఒళ్ళు మండి, మేస్త్రే ఈ పద్ధతి పెట్టాడు. కొడుకుని పోగొట్టుకున్న బస్సు డ్రైవరు వేదిక మీద నిలబడి మాట్లాడిన రోజున, మేస్త్రి ముందు వరసలో కూర్చుని గర్వంగా చప్పట్లు కొట్టాడు. ఆ డ్రైవరుకి ఆ పూట ఇంట్లో పడుకోవాలని ఉందేమో అన్న ఆలోచన మేస్త్రి దరిదాపుల్లోకి రాలేదు. ఇప్పుడు వంతు తనదాకా వచ్చింది.

సంఘం కార్యదర్శి షాపుకి వచ్చేసరికి మేస్త్రి నీళ్ళ మోటారు ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. షాపంతా వార్నిష్ వాసన. మోటారు లోపలి స్లాట్లలో కాగితాలు దూర్చి రాగి తీగ చుడుతున్నాడు, చుట్ల లెక్క మధ్యలో తప్పుతోంది, మళ్ళీ విప్పుతున్నాడు. ఆవిడ పోయినప్పటి నుంచీ ఇదే వరస.

"అన్నగారూ, శనివారం సంగతి గుర్తుంది కదా?" అన్నాడు కార్యదర్శి, స్టూలు లాక్కుని.

"ఉంది."

"మీరు పెద్దగా శ్రమ పడొద్దు. ఒక్క మాట చాలు. నాస్తికురాలిగా బతికింది, నాస్తికురాలిగానే పోయింది. అంతే. చెప్పి దిగిపోండి. మిగతాది నేను చూసుకుంటాను."

"అది ఆవిడ చెప్పాల్సిన మాట కదయ్యా."

"వదినగారు చెప్పేదేముంది అన్నగారూ, మనందరికీ తెలిసిందేగా! అవతలి వాళ్ళు అప్పుడే పుకారు పుట్టించారు. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఆవిడ ప్రార్థన చేసుకుందట. మీరు నోరు విప్పకపోతే అదే నిజమైపోతుంది."

కార్యదర్శి వెళ్ళిపోయాక మేస్త్రి తీగ పక్కన పడేశాడు. చిక్కల్లా ఒక్కటే, ఆవిడ ఏమనుకునేదో ఆయనకి నిజంగా తెలియదు. ఇంట్లో ఎప్పుడూ ఆవిడ చేతులు జోడించగా చూడలేదు. అలాగని లేడు అని అనగా వినలేదు. ఈయన అన్నం తింటూ కొత్త వాదన వినిపిస్తే, "బాగుంది గానీ మెల్లగా తినండి, పొలమారుతుంది" అనేది. ఆ బాగుందిని ఆయన ఒప్పుకోలు కింద జమ కట్టేశాడు. ఊళ్ళో పోస్టుమ్యాన్ని అడిగాడు, డాక్టర్ని అడిగాడు, రైలు పెట్టెలో ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళని నిద్ర లేపి మరీ అడిగాడు, నమ్ముతారా, ఎందుకు నమ్ముతారు అని. పక్కన పడుకునే మనిషిని అడగలేదు. ఇంతకంటే తెలివితక్కువతనం ఎక్కడైనా ఉంటుందా?

ఆసుపత్రిలో చివర్లో ఆవిడ పెదవులు కదిలిన మాట నిజమే. ప్రార్థనే కావచ్చు, దాహమే కావచ్చు. ఆయన దూది తడిపి పెదవులకి అద్దాడు. అప్పుడు అడుగుదామని నోటి దాకా వచ్చింది. ఊపిరి అందక కొట్టుకుంటున్న మనిషిని దేవుడున్నాడా లేడా అని అడగడానికి ఆయనకే సిగ్గేసి ఊరుకున్నాడు.

శుక్రవారం కూతురు వంట చేసిపెట్టడానికి వచ్చింది. గిన్నెలు తోముతుంటే మేస్త్రి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, మీ అమ్మ నమ్మేదంటావా?"

కూతురు చేతులు ఆగాయి. "నన్నడుగుతావేంటి నాన్నా?"

"మీరిద్దరూ మాట్లాడుకునేవారు కదా."

"నువ్వు ఇంట్లో ఉంటే మేమిద్దరం వినేవాళ్ళం. నువ్వు లేనప్పుడు నీ గురించి మాట్లాడుకునేవాళ్ళం. నీకు బీపీ పెరిగిందనీ, నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదనీ." గిన్నె బోర్లించి, "ఏదో ఒకటి చెప్పేసెయ్ నాన్నా. అమ్మేమన్నా వచ్చి కాదంటుందా?" అంది. ఆ మాట అన్నాక తనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

శనివారం హాలు నిండిపోయింది. చావు మాట వింటామంటే జనానికి ఎక్కళ్ళేని ఓపిక వస్తుంది. కుర్చీలు ఎవరో అడ్డదిడ్డంగా వేశారు, మంచినీళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. మేస్త్రి వేదిక ఎక్కాడు. ఎదురు బల్ల దగ్గర బోధకుడు తల దించుకుని కూర్చున్నాడు. ముందు వరసలో కార్యదర్శి చప్పట్లకి సిద్ధంగా ఉన్నాడు.

"మా ఇంటావిడ పోయింది," అన్నాడు మేస్త్రి. "తను నాస్తికురాలని చెప్పమని మావాళ్ళు అడిగారు. ప్రార్థన చేసిందని అవతలి వాళ్ళు అంటున్నారు. నాకు తెలియదు. ఎందుకు తెలియదంటే, నేను ఎప్పుడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. నాకేమనిపిస్తే తనకీ అదే అనిపిస్తుందనుకున్నాను." ఫ్లాస్కు కోసం చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. "డ్రైవరుగారు ఇక్కడుంటే ఆయనకో మాట. ఆ రోజు మిమ్మల్ని ఇలా నిలబెట్టినందుకు నన్ను క్షమించండి. నాకు దేవుడు లేడు, ఇప్పటికీ లేడు. కానీ తన తరఫున లేడనీ ఉన్నాడనీ చెప్పే హక్కు నాకు లేదు. అలసిపోయాను. ఇంతే."

ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. కార్యదర్శి మొహం మాడిపోయింది. లైబ్రేరియను అలవాటుగా గంట కొట్టి, బోధకుడి వైపు చూశాడు. వెనక వరసల్లో బోధకుడి మనుషులు ఉత్సాహంగా ముందుకు వంగారు. ఇంతకంటే మంచి అదను ఆయనకి మళ్ళీ దొరకదు. బోధకుడు లేచి, "ఈ పూట నేను చెప్పేదేమీ లేదండీ," అని కూర్చున్నాడు. టిక్కెట్టు పెట్టిన ఆట అయితే జనం డబ్బులు వెనక్కి అడిగేవారు. గొణుక్కుంటూ మెట్లు దిగిపోయారు.

ఇద్దరు ముసలాళ్ళూ ఆఖరున దిగారు, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ. మధ్య మలుపు దగ్గర బోధకుడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు.

"మేస్త్రిగారూ, మీకో మాట చెప్పాలి. చెప్పకూడదనే అనుకున్నాను. మీరు అంత నిజం చెప్పాక దాచుకోవడం బాగుండదు."

"చెప్పండి గురువుగారూ." ఇన్నేళ్ళూ వెటకారంగా పిలిచిన పిలుపు, ఈ పూట ఆయనకి వెటకారం చేసే ఓపిక లేదు.

"చెప్పబోయేది నెమరు వేసుకుందామని నేను ఎప్పుడూ ముందే వచ్చేవాణ్ణి. మీ ఇంటావిడ కుర్చీలు వేస్తుండేది. ఆ కబురూ ఈ కబురూ చెప్పుకునేవాళ్ళం. ఒకసారి అడిగేశాను. మీ ఆయన సంగతి ఊరందరికీ తెలుసు, మరి నీ సంగతేంటమ్మా, నమ్ముతావా అని."

మేస్త్రి కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఏమంది?"

"'మా ఆయన నన్నింకా అడగలేదండీ. ముందు ఆయనకి చెప్పాక మీకు చెప్తాను' అంది."

"ఎప్పటి మాట?"

"మీ అమ్మాయిని బళ్ళో వేసిన కొత్తల్లో."

మేస్త్రి మెట్టు మీద కూలబడ్డాడు. ఆ అమ్మాయి కొడుకే ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. బోధకుడు కూడా కష్టపడి ఆయన పక్కనే కూర్చున్నాడు. కింద వీధిలో జనం మాటలు దూరమైపోయాయి.

"మళ్ళీ అడిగారా ఎప్పుడైనా?" అన్నాడు మేస్త్రి.

"అడక్కేం. మా ఇద్దరి మధ్యా అదో వేళాకోళం అయిపోయింది. కనపడ్డప్పుడల్లా, ఏమ్మా, మీ ఆయన అడిగాడా అనేవాణ్ణి."

"ఆఖరిసారి ఎప్పుడు?"

బోధకుడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "జ్వరం రాకముందు జరిగిన వాదం నాడు. కుర్చీలు తుడుస్తూ నవ్వింది. 'ఇంకా లేదండీ' అంది."