బొట్టు పెట్టిన చోట

మా బావ పోలరాజు రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని ఒక పాత జీపును బాగుచేశాడు. ఆఖర్లో తన చేత్తో తనే దాని ఊపిరి తీశాడు. ఈ మాట ఎవరెత్తినా నాకు ఒళ్ళు మండుతుంది. మొదట్లో ఆయన మీద మండేది. ఇప్పుడు నా మీద నాకే మండుతోంది.

బావ అంటే మా అక్క గంగారత్నం మొగుడు. కొల్లేటి ఒడ్డున పుట్టినవాడు. ఒకే షావుకారు దగ్గర, ఒకే జీపు మీద ఇరవయ్యారేళ్ళు డ్రైవరుగా చేశాడు. రోజూ కైకలూరులో చేపల బుట్టలు ఎక్కించుకోవడం, గుడివాడ మీదుగా తెచ్చి బెజవాడ మార్కెట్లో దించడం, అదే పని. వానాకాలంలో చెరువు గట్ల మీద లారీలు దిగబడి ఏడుస్తుంటే ఈ జీపు నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ బురద దాటి వచ్చేసేది. అందుకోసం దానికి మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు పొట్టి రాడ్లు ఉంటాయి. ఆ ఇరవయ్యారేళ్ళలో ఆయన మీద ఒక్క కేసు లేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు, పెళ్ళి భోజనాల దగ్గర కూడా.

షావుకారు వ్యాన్లు కొన్నాక, "పోలరాజూ, ఈ ముసలిదాన్ని నువ్వే పట్టుకుపోరా" అని జీపును ఆయన పేరున రాసిచ్చేశాడు. కానూరులో వాళ్ళ ఇంటి పెరట్లో అది పదేళ్ళు పడి ఉంది. డ్రైవరు సీట్లో అక్క కోళ్ళు గుడ్లు పెట్టేవి. బావ దగ్గర్లో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా కుదురుకుని, దాని వంక చూసేవాడు కూడా కాదు. అలాంటిది రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసి, కోళ్ళను తోలేసి, జీపు కింద దూరాడు.

నాకు కబురొచ్చింది. నేను ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తాను. బండ్లకి కావలసిన పిన్నులూ బుష్షులూ తయారుచేస్తాను. వెళ్ళి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. చేపల ఐసు కరిగిన నీళ్ళు ఏళ్ళ తరబడి కారీ కారీ అడుగంతా తినేశాయి.

"బావా, దీన్ని బాగుచేసే కన్నా కొత్తదాన్ని కనడం తేలిక. తూకానికి వేసెయ్."

"నీ పిన్నులు నువ్వు చెయ్యరా రాంబాబూ. మిగతాది నేను చూసుకుంటా."

"అసలెందుకు చెప్పు? ఇప్పుడు చేపలెవరివి తోలతావు?"

అప్పుడు చెప్పాడు. పెళ్ళయ్యాక అక్కను కాపురానికి తీసుకొచ్చింది ఆ జీపులోనే. ముందు సీట్లో షావుకారు గుమాస్తా కూర్చున్నాడు. అక్క పట్టుచీరతో వెనక ఖాళీ చేపల బుట్టల మధ్య కూర్చుంది. ఆ తరవాత ఎన్నిసార్లు ఎక్కినా ఆమె చోటు వెనకే.

"మీ అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, పట్టపగలు, కాగితాలన్నీ పక్కాగా పెట్టుకుని, ఇక్కణ్ణించి కైకలూరు దాకా నేను తోలాలిరా. ఒక్కసారి చాలు. ఆ తరవాత తూకానికే వేస్తావో, ఏట్లోనే తోస్తావో నీ ఇష్టం."

అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. "ముప్ఫై ఏళ్ళకి గుర్తొచ్చానా? నాకు ముందు సీటూ వద్దు, సింహాసనమూ వద్దు. బట్టలారేసుకోటానికి నా పెరడు నాకిస్తే అదే పదివేలు" అంది. అంటూనే మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకుంది. నేను చూశాను.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఎండనక వాననక ఆ పెరట్లోనే పడి ఉన్నాడు. తుప్పు తిన్న రేకు కత్తిరించడం, కొత్త రేకు అతికించడం, విరిగిన కమాన్లు మార్చడం, ఇంజను విప్పి మళ్ళీ బిగించడం అన్నీ ఆయనే. సగం పని చూడకుండానే చేసేవాడు. బోల్టు మీద వేలు ఆనించి "ఇది పదిహేడు" అని పక్కనున్న స్పానర్లలోంచి సరిగ్గా పదిహేడే అందుకునేవాడు. "ఏం పనితనమండీ బాబూ మా బావది, వేళ్ళకే కళ్ళున్నాయి" అని ఆటోనగర్‌ అంతా చాటింపు వేశాను.

ఇక్కడ నంబరు సంగతి చెప్పాలి. ప్రతి బండికీ అడుగున ఇనప చట్రం ఉంటుంది, అదే ఛాసిస్. దాని మీద ఒక నంబరు గుద్ది ఉంటుంది. పాత బండికి కాగితాల గడువు పొడిగించాలంటే బ్రేకు ఇనస్పెక్టరు ఆ నంబరు మీద తెల్లకాగితం ఆనించి పెన్సిలుతో రుద్దుతాడు. నల్లటి మరకలో అంకెలు తెల్లగా తేలతాయి. ఆ అంకెలు బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్నవాటితో కలిస్తేనే బండి బతికున్నట్టు లెక్క. మా జీపుకి ఆ నంబరొక్కటే దిక్కు. ఇంజను షావుకారు ఎప్పుడో మార్పించి పుస్తకంలో ఎక్కించకుండా వదిలేశాడు. డ్యాష్‌బోర్డు మీద ఉండాల్సిన నంబరు రేకు తుప్పుకి రాలిపోయింది.

పోయిన దసరాకి జీపు బాడీ మొత్తం విప్పేసి ఉంది. ఛాసిస్ ఒక్కటే ఇటుకల మీద నిలబెట్టి ఉంది. గ్రైండరుతో తుప్పు తీసే పని మర్నాడు మొదలుపెడతానన్నాడు బావ. ఆయుధపూజ నాడు ఆటోనగర్‌లో మేము ప్రతి మిషనుకీ పసుపు రాసి బొట్టు పెడతాం. మా షాపులో పూజయ్యాక మిగిలిన పసుపూ కుంకుమా పొట్లం కట్టుకుని కానూరు వెళ్ళాను. బావ లోపల భోంచేస్తున్నాడు. ఛాసిస్ మీద కుడి ముందు చక్రం దగ్గర, నంబరున్న చోట, అరచెయ్యంత మేర పసుపు పులిమి మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టాను. పూజకి పూజ, గుర్తుకి గుర్తు. ఇక్కడ గ్రైండరు పెట్టకు అని ఆ బొట్టే చెబుతుందనుకున్నాను. నోటితో చెప్పలేదు. ఇరవయ్యారేళ్ళ డ్రైవరుకి నంబరు సంగతి కూడా నేను చెప్పాలా అనుకుని, అక్క పెట్టిన పులిహోర తిని వచ్చేశాను.

వారం తిరక్కుండా పిలిచాడు. ఛాసిస్ అంతా ఎర్ర ప్రైమరు కొట్టి ఉంది.

"చెయ్యేసి చూడరా" అన్నాడు. ఆయన మొహంలో అంత గర్వం నేనెప్పుడూ చూడలేదు.

వేశాను. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎక్కడా గరుకు లేదు. "అద్దంలా ఉంది బావా" అన్నాను. ఆ అద్దంలో నంబరేదీ అని మాత్రం అడగలేదు. పొద్దున లేస్తే ఇనుము తప్ప ఇంకోటి చూడనివాణ్ణి, నాకే తోచలేదు.

తరవాత బాడీ ఎక్కించి రంగు వేశాడు. కుడి పక్క ఒక ఆకుపచ్చ, ఎడమ పక్క ఇంకో ఆకుపచ్చ పడింది. డబ్బాలు వేరువేరని చూసుకోలేదట. "ఒక పక్క మామిడాకు, ఇంకో పక్క అరిటాకు, మధ్యలో పెళ్ళికూతురు మా అక్క" అని ఏడిపించాను. ఆయనా నవ్వాడు.

జనవరి నెలాఖర్లో బ్రేకు ఇనస్పెక్టరుకి బండి చూపించడానికి బయల్దేరాం. "నా లైసెన్సు గడువైపోయిందిరా, ఈ ఒక్కసారికి నువ్వు తోలు" అన్నాడు. అక్కను ఎక్కమంటే, "కాగితం రానివ్వండి, అప్పుడు దర్జాగా ఎక్కుతా" అంది.

ఇనస్పెక్టరు చిన్నవాడే, మర్యాదస్తుడు. "పెద్దాయనా, బండిని భలే చేశారండీ" అని చుట్టూ తిరిగి మెచ్చుకున్నాడు. తరవాత కాగితం, పెన్సిలు పట్టుకుని చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. రుద్దాడు. కాగితం ఒట్టి నల్లగా వచ్చింది. ఇంకాస్త జరిపి రుద్దాడు. బ్లేడుతో రంగు గీకాడు, టార్చి వేసి చూశాడు.

"నంబరేదండీ?"

"అక్కడే ఉంటుందండి బాబూ, చక్రానికి కాస్త వెనగ్గా" అన్నాడు బావ.

"ఇక్కడ గ్రైండింగ్ కొట్టేశారండీ." అతను లేచి చేతులు దులుపుకున్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు. "ఇంజను నంబరు కలవదు, ఛాసిస్ నంబరు లేదు. ఇది మీ బండేనని నేను నమ్ముతానండీ. కానీ అలా అని రాయలేను. దొంగబండిని కూడా ఇలాగే అరగదీసి తెస్తారు కదండీ."

దొంగబండి అన్న మాటకి బావ కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. ఒక్క కేసు లేదని అప్పుడు చెప్పుకోలేదు. ఆ తరవాత ఇంకో ఆఫీసు, ఇంకో దరఖాస్తు, ఇంకో పెద్ద సారు. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న, ఇదే ఆ బండని ఏం చూసి నమ్మమంటారు అని. చూపించడానికి మా దగ్గర నున్నటి ఇనుము తప్ప ఏమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది మా పని.

ఆఖరి ఆఫీసు నుంచి తిరిగొచ్చిన రోజు పెరట్లోనే నోరు పారేసుకున్నాను. "కళ్ళు నెత్తికెక్కాయా బావా? ఊళ్ళో చిన్న పిల్లాడికి కూడా తెలుసు నంబరు జోలికి పోకూడదని! రెండేళ్ళు నీతో పాటు నా ఆదివారాలన్నీ తగలేశావు కదా!"

"పొరపాటైపోయిందిరా" అన్నాడు తల వంచుకుని. అంతే.

"పెద్దాయన్ని పట్టుకుని ఏంట్రా ఆ మాటలు?" అని అక్క కసిరింది. నేను నా మోటారుసైకిలు స్టార్ట్ చేసుకుని వచ్చేశాను. నెల దాటినా ఆ గడప తొక్కలేదు.

మార్చిలో ఒకరోజు మిషను తుడుస్తుంటే దసరా నాటి కుంకుమ మరక కనపడింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ బొట్టు. ఇంతకాలం కోపంలో ఆ సంగతే మర్చిపోయాను. అంటే అంత పసుపూ, అంత బొట్టూ చూసి కూడా దాని మీదే గ్రైండరు పెట్టాడన్న మాట! లెక్కలేనితనం కాకపోతే ఏమిటిది? ఉన్నపళంగా షాపు వదిలేసి మిట్టమధ్యాహ్నం కానూరు వెళ్ళాను.

బావ జీపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు అద్దం బానెట్ మీదికి మడిచి ఉంది.

"ఎవరూ?" అన్నాడు.

"నేనే, ఇంకెవరు! ఒక్క ముక్క అడిగి పోతాను. బొట్టు పెట్టిన చోట గ్రైండరు ఎలా పెట్టావు బావా? చెయ్యెలా వచ్చింది నీకు?"

"ఏ బొట్టు?"

ఆ మాట మామూలుగా అడిగాడు. నేను ఆయన ఎదురుగా నాలుగడుగుల దూరంలో ఎండలో నిలబడి ఉన్నాను. ఆయన నా భుజం పక్కగా ఎక్కడో చూస్తున్నాడు. "ఎవరూ" అన్నది అప్పుడు నా చెవికి ఎక్కింది. రెండు ఆకుపచ్చలు, మానేసిన ఉద్యోగం, గడువైపోయిన లైసెన్సు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

"బావా, నీకు కనపడ్డంలేదా?"

"కంట్లో నీటికాసులట్రా" అన్నాడు. "రెండేళ్ళయింది తెలిసి. పక్కల చూపంతా ముందే పోయింది. మధ్యలో కాస్త మిగిలింది, అదీ మసకే. పోయింది రాదు, ఉన్నదీ నిలవదన్నాడు డాక్టరు. ఉన్న కాస్తతో మీ అక్కని కైకలూరు తీసుకెళ్ళిపోదామనుకున్నా."

"చెప్పొచ్చు కదా! నేను చచ్చానా?"

"చెబితే తాళం నా చేతికిస్తారా?"

నేను చక్రం దగ్గరికి వెళ్ళి వంగి, ఆ నున్నటి చోట చెయ్యి వేశాను.

"ఆ రోజు వేలు పెట్టి చూసుకుంటూనే చేశానురా" అన్నాడు. "చక్రం పైన ఒకచోట గరుగ్గా తగిలింది. నంబరు ఇంకాస్త వెనక ఉంటుందనుకున్నా. తుప్పు తిన్న గుంటలనుకున్నా. నున్నగా అయ్యేదాకా పెట్టాను. అక్కడే ఎక్కువసేపు పెట్టాను."

అక్క గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, జీపు ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

"ఎక్కానయ్యా. కాగితాలూ వద్దు, కైకలూరూ వద్దు. వీధి చివరిదాకా తోలు చాలు. వాడు దారి చెబుతాడు."

బావ తడుముకుంటూ లేచి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళం తిప్పగానే ఇంజను పలికింది. ఎంత బాగా చేశాడు మహానుభావుడు, ఒక్క అపశ్రుతి లేదు. పొట్టి రాడ్లు రెండూ ఒకసారి ముట్టుకుని చూసుకున్నాడు. నేను పరుగెత్తి గేటు బార్లా తీశాను.

"గేటు తీశా బావా. నేరుగా రా, నా గొంతు పట్టుకుని రా."

ఆయన గేరు వేశాడు. తల అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కనున్న అక్క వైపు కూడా తిప్పాడు. అక్క ఆయన్నే చూస్తోంది. ఆ చూపు ఆయనకు అందలేదు. ఇంజను అలా తిరుగుతూనే ఉంది, జీపు మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు. నాకు దుఃఖం ఆగలేదు. ఇంకోసారి రమ్మని పిలవలేదు. గేటు వదిలేసి, ఆ ఇంజను రొదలో నడిచి వచ్చి, ఆయన కుడి మోచేతి పక్కన నిలబడ్డాను.

ఆయన ఇంజను ఆపేశాడు.

"మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని కళ్ళు లేకుండా తోలకూడదు రత్నం" అన్నాడు. "ఇరవయ్యారేళ్ళలో ఒక్క కేసు లేదు నా మీద."

తాళం తీశాడు. అద్దం మడిచి ఉన్న బానెట్ మీదుగా, తెరిచి ఉన్న గేటు వైపు చెయ్యి చాచాడు.

"ఇదుగోరా రాంబాబూ, పుచ్చుకో."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను చప్పుడు కాకుండా జీపు ముందుకి వెళ్ళి, గేటు దగ్గర్నుంచి వచ్చినట్టే నాలుగడుగులు గట్టిగా వేసి, తాళం అందుకున్నాను.