మూగబోయిన ఏడో స్తంభం

పాత రాజమహల్లో మా పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు నేల తుడిచింది. తోటి పనివాళ్లు ఆమెను "రాణిగారు" అని ఏడిపించేవారు. రాజులు పోయి, టికెట్టు పెట్టి జనానికి చూపించే రోజులొచ్చాక, పొద్దున్నే దర్బారు హాల్లో మొదటి అడుగు పెట్టేది ఆమే కదా మరి!

ఆ హాలుకు పన్నెండు రాతి స్తంభాలు, కప్పు నిండా పూల నగిషీ. ఒక ఏడాది వానలకు ఆ పూలు పెచ్చులు పెచ్చులుగా రాలాయి. ఇంజనీరు వచ్చి, కప్పు మొత్తం విప్పేసి రేకులు వేయాల్సిందేనని తేల్చాడు. పెద్దమ్మ తుడుపుకర్ర పట్టుకునే ఆయనకు ఎదురొచ్చింది.

"అయ్యా, తప్పు కప్పుది కాదు. ఆ ఏడో స్తంభం మూగబోయింది. దాన్ని చూడండి."

ఇంజనీరు నవ్వాడు. "స్తంభం మాట్లాడుతుందా అమ్మా?"

"మాట్లాడేది బాబూ. వానొస్తే లోపల గలగలా నీళ్లు దిగేవి. పక్కనే తుడుస్తూ వినేదాన్ని. నిరుడు డాబా మీద సిమెంటు పూశారు చూడండి, అప్పట్నుంచి ఉలుకూ పలుకూ లేదు."

ఆ సిమెంటు పూయించిన మేస్త్రీకి మండింది. "నీకెందుకే ఈ పెత్తనం? ఉన్న పని ఊడుతుంది!"

"ఊడితే ఊడనీ. నేల ఎక్కడైనా తుడుచుకుంటా. ఈ కప్పు మళ్లీ ఎవడు కడతాడు, నువ్వా?"

అంటూనే తుడుపుకర్ర తిరగేసి ఆరో స్తంభం మీద కొట్టింది. ఠక్కుమంది. ఏడోదాని మీద కొట్టింది. డొల్లగా మోగింది. ఇంజనీరు నవ్వు ఆగిపోయింది.

డాబా మీద, సరిగ్గా ఆ స్తంభం పైన, సిమెంటు పగలగొట్టించాడు. కింద జానెడు వెడల్పు రాతి తూము! వాననీళ్లు కంటికి కనబడకుండా స్తంభం లోంచి నేల కిందికి పోయేలా కట్టారు ఆ కాలంవాళ్లు. డాబా నున్నగా ఉండాలని పూసిన సిమెంటు దాని నోరు మూసింది. దారిలేని నీళ్లు కప్పులోకి ఇంకాయి.

పైనుంచి బకెట్టెడు నీళ్లు పోశారు. కింద పెద్దమ్మ స్తంభానికి చెవి ఆనించింది. కాసేపు ఏమీ లేదు. మేస్త్రీ మూతి తిప్పాడు. అప్పుడు గలగల, గలగల!

"పలికిందయ్యో, పలికింది!"

ఆ కేకకు పావురాలన్నీ లేచిపోయాయి. ఇంజనీరు పరుగున దిగొచ్చి తానూ చెవి పెట్టాడు. కప్పు విప్పమని రాసిన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"అమ్మా, ఇంకా ఏవైనా డొల్ల స్తంభాలున్నాయేమో, మీరే కొట్టి చూపించండి."

పెద్దమ్మ కర్ర పట్టుకుని ముందు నడిచింది. వెనకాల ఇంజనీరు. ఆ వెనకాల, ఆమె బకెట్టు మోసుకుంటూ మేస్త్రీ.