అమ్మ ఎంచిన రెండో మెషీను

శ్రీకాకుళంలో మా ఇంట్లో ఆ రోజుల్లోనే బట్టలుతికే మెషీను ఉండేదంటే నా ఈడువాళ్లు కూడా నమ్మరు. అరవయ్యో దశకం చివరి మాట. రేడియో ఉన్న ఇంటినే గొప్పగా చెప్పుకునేవాళ్లం. మాకేమీ అంత ఐశ్వర్యం లేదు. ఆ మెషీను మా ఇంటికి వచ్చింది నూనె మూలంగా.

నాన్నా, ఇద్దరు చిన్నాన్నలూ కలిసి చిన్న నూనె మిల్లు నడిపేవారు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె. పొద్దున్న తెల్లటి పంచెతో మిల్లుకి వెళ్లిన మనిషి మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి నూనెలో ముంచి తీసినట్టు ఉండేవాడు. పడుకున్న దుప్పట్లకి, తలగడ గలీబులకి, వాళ్లు ఎత్తుకున్న పసిపిల్లల గౌన్లకి కూడా ఆ జిడ్డు అంటుకునేది. ఇంట్లో పదముగ్గురం. తరతరాలుగా మా బట్టలు తీసుకెళ్లే చాకలామె ఒక రోజు మూట దించి, మీ బట్టలు బానలో వేస్తే ఊరందరి బట్టలకీ నూనె కంపు పడుతోంది, ఇంక మావల్ల కాదు అని చెప్పేసింది. ఆ రోజు నుంచీ పదముగ్గురి బట్టలూ అమ్మ మీదా, పిన్ని మీదా పడ్డాయి. వేడినీళ్లు, సోడా పొడి, పెరట్లో నూతి పక్కన బండ. అమ్మ అరచేతులు ఎప్పుడూ పగిలి ఉండేవి. రాత్రి అన్నం కలుపుకుంటే కారానికి మంటెత్తి, కళ్లు మూసుకుని తినేది.

నాన్న ఒక ఆస్పత్రికి నూనె వేసేవాడు. అక్కడ పనిచేసే విదేశీ డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోతూ సామాన్లు అమ్మేస్తుంటే, ఈ మెషీను ఆయన కంటపడింది. నాలుగు కాళ్ల మీద నడుమెత్తు గుండ్రటి తొట్టి. లోపల బట్టల్ని అటూ ఇటూ తిప్పే రెక్కలు. తొట్టి అంచు మీద, చెరుకు రసం తీసే మెషీనుకి ఉన్నట్టు, రెండు రబ్బరు రోలర్లు. ఉతికిన బట్టని వాటి మధ్య పెడితే కరెంటు మీద అవే లాక్కుని, నీళ్లు పిండి అవతలికి వదిలేవి. నూతి నీళ్లు తోడి మనమే పొయ్యాలి.

చవగ్గా వచ్చిందంటే దానికో కారణం ఉంది. రోలర్ల మీద ఒక అడ్డకడ్డీ ఉండేది. ఏదైనా ఇరుక్కుంటే దాన్ని ఒక్కటి కొడితే పై రోలరు ఎగిరి పైకి లేవాలి. మా మెషీనుకి ఆ కడ్డీ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మిల్లు మెకానిక్కు చూసి, దీనికి సామాను దొరకదు, జాగ్రత్తగా వాడుకోండి అన్నాడు. రోజంతా తిరిగే బెల్టుల మధ్య బతికే మాకు ఇదో లెక్కా అని నాన్న నవ్వేశాడు. రెండేళ్లపాటు ఆయన నవ్వు నిజమే అయింది.

అప్పటికి నాకు పదిహేనేళ్లు. ఆ రోజు బడి సెలవు. నా పని వరండా గోడ దగ్గర స్విచ్ పక్కన నిలబడడం. అమ్మ వెయ్యమంటే వెయ్యడం, ఆపమంటే ఆపడం. మా నాయనమ్మ వరండాలోనే చేటలో బియ్యం ఏరుతోంది. ఆవిడ కరెంటు వస్తువు దేన్నీ ముట్టుకునేది కాదు. తన గదిలో దీపం వెయ్యాలన్నా మమ్మల్ని పిలిచేది.

అమ్మ ఒక దుప్పటి అంచుని మడిచి రోలర్ల మధ్య పెట్టింది. అంచు ఒక పక్కకి పోతుంటే సర్దడానికి కుడిచెయ్యి ముందుకి చాచింది. అంతే. నాకు మొదట వినిపించింది గాజులు పగిలిన చప్పుడు. చూసేసరికి అమ్మ చెయ్యి మణికట్టు దాకా లోపల ఉంది. రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. దుప్పటి మీద ఎర్రగా చారలు పడుతున్నాయి.

అమ్మ అరవలేదు. నావైపు తల తిప్పి, మామూలు గొంతుతో, "ఆపవే," అంది.

స్విచ్‌కీ నా చేతికీ మధ్య జానెడు దూరం. నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదో ఇప్పటికీ చెప్పలేను. చెయ్యి లేవలేదు. కాళ్లూ, నోరూ కూడా నావి కానట్టు అయిపోయాయి. అమ్మ నన్ను చూస్తోంది, నేను అమ్మని చూస్తున్నాను, ఆ చెయ్యి మాత్రం ముంజేతి దాకా ఇంకా ఇంకా లోపలికి పోతోంది. చేట కింద పడింది. నాయనమ్మ గోడ దగ్గరికి వచ్చి నన్ను పక్కకి తోసి, ప్లగ్గుకున్న వైరుని రెండు చేతులా పట్టుకుని పెరికేసింది.

మెషీను ఆగింది. చెయ్యి మాత్రం రాలేదు. పై రోలరు దాని మీద అలాగే బిగిసి ఉంది. కడ్డీ పనిచేసి ఉంటే అప్పుడే వదిలేది. పిన్ని వీధిలోంచి మిల్లుకి పరుగెత్తింది. మెకానిక్కు వచ్చి స్పానరుతో బోల్టులు విప్పేదాకా అమ్మ ఆ తొట్టికి ఆనుకుని నిలబడే ఉంది. నాయనమ్మ వెనకనుంచి నడుం పట్టుకుంది. ఎంతసేపన్నది ఎవరూ గడియారం చూడలేదు. నాకు మాత్రం ఒక పూట గడిచినట్టుంది.

చేతి ఎముక విరగలేదు గాని రెండు వేళ్లు విరిగాయి. ముంజేతి మీద చర్మం వలిచినట్టు లేచిపోయింది. చిన్నాన్న స్విచ్ పనిచెయ్యలేదేమో అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. నాన్న ఆ స్విచ్ విప్పేసి కొత్తది వేయించాడు. మెషీనుని ఆ వారంలోనే పాత ఇనుముకి ఇచ్చేశాడు. ముగ్గురు మనుషులు దాన్ని రోడ్డు మీదికి మోసుకుపోతుంటే గుమ్మంలో నిలబడి చూసి, లోపలికొచ్చి, ఆ పూట భోజనం చెయ్యలేదు. కడ్డీ సంగతి తనకి ముందే తెలుసన్న మాట ఆయన నోటివెంట ఎప్పుడూ రాలేదు. మేమూ ఎత్తలేదు.

మళ్లీ బండే గతి అయింది. ఈసారి పిన్నీ, నేనూ. వారం తిరిగేసరికి నా అరచేతులు కూడా పగిలాయి.

మూడు నెలలకి అమ్మ కట్లు విప్పారు. రెండు వేళ్లు మడత పడడం లేదు. ఎడమచేత్తో గరిట పట్టుకుని వడ్డించడం అప్పటికే అలవాటైంది. ఒక మధ్యాహ్నం నాన్నకి పప్పు వడ్డిస్తూ, కూర గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

"ఇంకో మెషీను కొనాలండి. రోలర్లున్నదే."

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. చిన్నాన్నలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాను. నీళ్లు ఒలికి నా పాదాల మీద పడుతున్నా తెలియలేదు. ఆ చేత్తో, ఆ మచ్చలతో, అదే వస్తువుని మళ్లీ ఇంట్లోకి తెమ్మని ఒక మనిషి అడగగలదని నాకు తట్టలేదు.

నాయనమ్మ లోపల్నించి వచ్చింది. బుద్ధుందా అంది. పిల్లల తల్లివి అంది. నేనున్నంతకాలం ఆ దిక్కుమాలింది నా గుమ్మం తొక్కదు అంది. అమ్మ అంతా విని, మజ్జిగ పోసి, అప్పుడు మాట్లాడింది.

"అది నా సెయ్యి నలిపేసిందని అందరూ దాని మీద కోపంగా ఉన్నారు. బండ అంతకుముందే నా నడుం తినేసినాది అత్తా. దాని మీద ఎవులూ కోపడలేదు."

నాయనమ్మ తన గదిలోకి వెళ్లిపోయింది. నాన్న నెల రోజులు ఏదో ఒకటి చెప్పి దాటేశాడు. మనిషిని పెడదాం అన్నాడు, పెట్టాడు. ఆ జిడ్డు చూసి ఇద్దరు మానేశారు. చివరికి విజయనగరంలో, బదిలీ అయిపోయే ఆఫీసర్ల సామాన్లు కొని అమ్మే వ్యాపారి ఒకతను ఉన్నాడని తెలిసి, వెళ్లి చూసొస్తానన్నాడు. అమ్మ తనూ వస్తానంది. నన్ను కూడా బయల్దేరమంది. నాకెందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

బస్సు దిగి నడిచి వెళ్లాం. రైలు స్టేషను వైపు పెద్ద రేకుల షెడ్డు. బీరువాలు, ఫ్యాన్లు, పియానో ఒకటి, వాటి వెనక మూడు మెషీన్లు. వ్యాపారి మర్యాదస్తుడే గాని, అమ్మ అడిగిన ప్రతిదానికీ నాన్న మొహం చూసి జవాబు చెప్పేవాడు.

మొదటిది తెల్లగా, అద్దంలా ఉంది. అన్నీ దానంతటదే చేసుకుంటుందట. ధర వినగానే నాన్న దాని మీద ఆనించిన చెయ్యి తీసేశాడు. అయినా దానికి ఒత్తిడితో నీళ్లొచ్చే కుళాయి కావాలి, మాకు నుయ్యి. రెండోది చెక్క పీపా, చేత్తో తిప్పేది. చాలా చవక. కరెంటు లేదు, భయం లేదు అని నాన్న దానివైపే మొగ్గాడు. అమ్మ పిడి పట్టుకుని ఇరవై చుట్లు తిప్పింది. నుదుటి మీద చెమట తుడుచుకుని, "ఇదీ బండే. కాపోతే కూకోబెట్టి సేయిస్తాది," అని వదిలేసింది.

మూడోది మా పాతదాని చెల్లెల్లా ఉంది. తొట్టి కాస్త చిన్నది, పైన పూత అక్కడక్కడా పెచ్చులూడింది, ఒక కాలికి వెల్డింగు చేశారు. రోలర్ల మీద కడ్డీకి ఎర్ర రంగు. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, కరెంటు పెట్టించమంది. తను తెచ్చిన సంచిలోంచి పాత దుప్పటి తీసి బకెట్లో తడిపింది. రోలర్లకి అందించి, కడ్డీ కొట్టమని నాన్నకి చెప్పింది. ఆయన కొట్టాడు. పై రోలరు టక్కున లేచింది. మళ్లీ అంది. మళ్లీ లేచింది. ఐదుసార్లు చేయించింది.

వ్యాపారి నవ్వి, ఇంకేం కావాలమ్మా అన్నాడు. ఈసారి అమ్మ మొహమే చూసి అడిగాడు.

"గుడ్డ మెత్తగా ఉంటాది బాబూ. సెయ్యికి ఎముకుంటాది," అంది అమ్మ.

ఆ మాటకి అర్థం మాకు తెలిసేలోపే ఎడమచేతి గాజుల్ని మోచేతి మీదికి తోసుకుంది. నన్ను పిలిచి కడ్డీ పక్కన నిలబెట్టింది.

"నేను సెప్పను. నువ్వే సూసుకుని కొట్టు," అంది నాతో.

నాన్న ముందుకొచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. మతి పోయిందా ఏటి అన్నాడు. అమ్మ, "మీరుండండి," అని ఆ చెయ్యి విడిపించుకుని, బాగున్న ఆ ఒక్క చేతి వేళ్లని తిరుగుతున్న రోలర్ల మధ్య పెట్టింది.

నేను కొట్టాను. అరచెయ్యంతా పెట్టి కొట్టాను. రోలరు లేచింది. నాకు తెలియకుండానే రెండోసారి, మూడోసారి కూడా కొట్టాను. అమ్మ వేళ్లు అప్పటికే బయట ఉన్నాయి. రెండో కణుపు దాకా తెల్లగా నొక్కుకుపోయిన గీత, అంతే. ఆమె వేళ్లు ఒక్కొక్కటే మడిచి, చాపి చూసుకుంది.

"ఇది మంచిదే. తీసుకుందాం," అంది.

వ్యాపారి పక్కనున్న పెట్టె మీద కూలబడ్డాడు. నాన్న షెడ్డు బయటికి పోయి ఎండలో నిలబడ్డాడు. బేరం అమ్మే ఆడింది. ఆ మనిషి మొదట చెప్పిన ధర మీద పట్టుబట్టలేదు. ఆమెని త్వరగా పంపించేస్తే చాలన్నట్టు ఉన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ పక్కన నేను, ముందు సీట్లో నాన్న. నా అరచెయ్యి కమిలిపోయి మండుతోంది. సగం దారి దాటాక ఇంక ఆగలేక, ఆమెకి మాత్రమే వినపడేలా, "ఆ రోజు స్విచ్ బాగానే ఉందమ్మా," అన్నాను.

"తెలుసు," అంది అమ్మ. కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. ఆపైన వేరుశనక్కాయలు తింటావా అని అడిగింది.

మెషీను రెండు రోజుల తర్వాత మిల్లు లారీలో, ఖాళీ నూనె డబ్బాల మధ్య వచ్చింది. నాయనమ్మ గుమ్మం తొక్కనివ్వనన్న మాట మళ్లీ ఎత్తలేదు. కాని మెషీను నడుస్తున్నంతసేపూ వరండాలో ప్లగ్గు కింద పీట వేసుకుని, వైరు చేత్తో పట్టుకుని కూర్చునేది. ఆరు నెలలు అలాగే కూర్చుంది. తొమ్మిదేళ్లు నడిచింది ఆ మెషీను. ఒక్క గుడ్డ చిరిగింది తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ రెండు వేళ్లు మాత్రం చివరిదాకా మడత పడలేదు.

అది వచ్చిన మొదటి వారంలో ఒక రోజు బడి నుంచి వచ్చాను. మధ్యాహ్నం మూడు దాటి ఉంటుంది. దండేల మీద బట్టలన్నీ ఆరిపోయి ఉన్నాయి. వంటింట్లో అమ్మ లేదు, నూతి దగ్గర లేదు. వెతుక్కుంటూ వెళితే వెనక గదిలో చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. పగటిపూట అమ్మ పడుకోవడం నేను పుట్టాక చూడలేదు. పుస్తకాలు కింద పడేసి, మోకాళ్ల మీద వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఊపిరి తగిలింది. అమ్మ నిద్రపోతోంది, అంతే.