ప్రెసిడెంటు గారికి మూడు మాత్రలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజుల్లో (మరీ అంత పాత రోజులేమీ కావు, డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం ఇంట్లో ఎదురుచూస్తున్న రోజులు) మనుషుల ఎత్తు కొలిచే గవర్నమెంటు కర్ర ఒకటి మా ఇంటికి వచ్చింది. ఊళ్ళో జనాన్ని కొలవమని ఇచ్చారు. దాంతో నేను మొట్టమొదట కొలిచింది మాత్రం నన్నే. గది తలుపు గడియ పెట్టుకుని, కర్రని గోడకి ఆన్చి, చాలా కాలానికి నిటారుగా నిలబడి చూసుకున్నాను. కర్ర మీద అన్నిటికన్నా పైన ఉన్న ఎర్ర గీత నా ముక్కు దగ్గరే ఆగిపోయింది. ఎవరో చూస్తున్నట్టు గబగబా దాన్ని మంచం కిందకి తోసేశాను. నా ఎత్తు ఎవరడిగినా మా అమ్మ నాలుగంగుళాలు తగ్గించి చెప్పేది. ఆ మాట నిలబెట్టడానికి నేను మెడ వంచి, భుజాలు ముందుకి లాక్కుని, ఎప్పుడూ ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నదానిలా నడిచేదాన్ని. పొడుగూ సిగ్గూ రెండూ ఒకే మనిషికి ఇవ్వడం దేవుడు పరధ్యానంలో చేసిన పని అని అప్పట్లో నా గట్టి నమ్మకం.

అలాంటి నన్ను మా పిన్ని బోదకాలు మాత్రల పంపిణీకి తోడు రమ్మంది. పిన్ని మా ఊరి ఆశా కార్యకర్త. తణుకు దగ్గర ఊరు మాది. ఒక పక్క పంట కాలవ, ఇంకో పక్క మురుగు డ్రైను, మధ్యలో మేమూ దోమలూ. నా చిన్నప్పుడు ఈ మాత్రలు ఇంటికి ఇచ్చేసి వెళ్ళిపోయేవారు. జనం వాటిని ఎంతో మర్యాదగా తీసుకుని కిటికీ గూట్లో పెట్టేవారు. అవి అక్కడే రంగు మారేవి. ఇప్పుడు పద్ధతి మారింది. పాత రెండు మందులకి కొత్తగా మూడోది కలిపారు. మూడూ ఒకేసారి వేస్తే నెత్తుట్లో ఉన్న పురుగు పిల్లలు బాగా తగ్గిపోతాయని, ఇదివరకటిలా ఏళ్ళకేళ్ళు వెయ్యక్కర్లేదని శిక్షణలో డాక్టరుగారు చెప్పారు. జబ్బు లేనివాళ్ళు కూడా వేసుకోవాలి. ఎవరి నెత్తుట్లో పురుగు ఉందో పైకి కనపడదు, ఒకరి నుంచి ఇంకొకరికి మోసేది దోమ. వీధిలో కొన్ని ఇళ్ళు మానేస్తే దోమకి ఆ ఇళ్ళు చాలు. అన్నం తిన్నాకే వెయ్యాలి, మా కళ్ళముందే మింగాలి, కొత్త మాత్రలు మాత్రం మనిషి ఎత్తుని బట్టి ఇవ్వాలి. ఎర్ర గీత దాటినవాళ్ళకి నాలుగు, దాటని పెద్దవాళ్ళకి మూడు, పిల్లలకి ఇంకా తక్కువ. అందుకని కర్ర.

మాత్రల సంచీ పిన్నిది, కర్ర నాది. కర్ర మొయ్యడం కష్టం కాదు. మింగారో లేదో చూడటం కష్టం. ఊళ్ళో మగవాళ్ళ ముఖమే సరిగ్గా చూడలేనిదాన్ని, నోట్లోకి ఎలా చూడను? "మింగేశారా అండీ" అని వాళ్ళ కాలివేళ్ళని అడిగేదాన్ని. ఒకాయన, "నా కాళ్ళు మింగలేదు గానీ నేను మింగాను తల్లీ" అన్నాడు. ఆ పూట మిగిలిన ఇళ్ళలో ఆ ప్రశ్న పిన్నే అడిగింది.

మా వీధి చివర ప్రెసిడెంటు గారి ఇల్లు. ఆయన ఎప్పుడో పంచాయతీ ప్రెసిడెంటుగా చేశారు. పదవి పోయింది గానీ పిలుపు పోలేదు. తెల్లటి పంచె, గంభీరమైన గొంతు, దానికి తగ్గ మీసం. మనిషి మాత్రం కాస్త పొట్టి. (ఈ 'కాస్త' నేను ఆయన మీద గౌరవంతో వేసింది.) ఆయన మింగితే మేమూ మింగుతామని వీధి వీధంతా మా వెనకే వచ్చి ఆయన గుమ్మం ముందు నిలబడింది. లోపల వాళ్ళావిడ, మేమంతా మామ్మగారు అని పిలిచే ఆవిడ, ఏడేళ్ళ మనవరాలిని పక్కన పెట్టుకుని మా కోసమే చూస్తున్నట్టున్నారు. మమ్మల్ని చూడగానే, "ముందు దీనికి వెయ్యవే అమ్మాయ్, ఇది మళ్ళీ ఆటలకి పారిపోద్ది" అన్నారు. అన్నం తిన్నాకే వెయ్యాలని పిన్ని చెప్పింది. "అయితే ఆయన కూచోవాలి. ఆయన విస్తరి ముందు కూచుంటేగానీ ఈ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు" అని ఆవిడ నిట్టూర్చారు.

ఆయన పడక్కుర్చీలోంచి భోజనానికి లేచినవారే. కానీ ఈలోగా పిన్ని, వాకిట్లో ఉన్నాడు కదా అని, వాళ్ళ పాలేరుని కర్ర పక్కన నిలబెట్టింది. అతన్ని అందరూ తాటిచెట్టు అని పిలిచేవారు. పొద్దున్నే చద్దన్నం తిని వచ్చాడు కాబట్టి అతనికి అడ్డేమీ లేదు.

"నీకు నాలుగు" అంది పిన్ని.

"ఆయ్, నాలుగండి" అని అతను చెయ్యి చాపాడు.

తరవాత ప్రెసిడెంటు గారు, ఎలాగూ లేచాను కదా అని, వచ్చి నిలబడ్డారు. ఎర్ర గీత ఆయన తల మీదుగా, కొంచెం సందు వదిలి, వెళ్ళిపోయింది. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని నా వైపు చూసింది. ఆ సందు గురించి చెప్పే బాధ్యత ఎందుకో నా మీద పడింది.

"తాతగారూ, మీకు మూడండి" అన్నాను, ఆయన కాలివేళ్ళతో.

"ఎంత?"

"మూడండి."

"వాడికి నాలుగిచ్చి, నాకు మూడా?"

అది ఎత్తుని బట్టి ఇచ్చే మందని, మనిషిని బట్టి కాదని పిన్ని చెప్పింది. మా నాన్నగారు ఆరడుగులని ఆయన చెప్పారు. మందు మీ నాన్నగారికి కాదు కదండీ అని పిన్ని అంది. (పిన్నికి మా ఇంట్లో అందరికన్నా ధైర్యం ఎక్కువ, ఓపిక తక్కువ.) ఆ మాటతో ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలిపోయి, "నాలుగు తెస్తే అప్పుడు భోంచేస్తాను. అంతవరకు నాకు ఆకలి లేదు" అన్నారు. తాటిచెట్టు పాపం కంగారుపడి, "బాబయ్యా, నాదొకటి మీరేసుకోండి, నాకు మూడు సాలండి" అని అరచెయ్యి ముందుకి చాపాడు. దాంతో వ్యవహారం మరీ చెడిపోయింది.

ఆయనకి ఆకలి లేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఆకలి ఉండకూడదు. మామ్మగారు తినలేదు, కోడలు తినలేదు, పిల్ల మాత్రం బెల్లం ముక్క దొంగతనంగా నములుతోంది. తినలేదు కాబట్టి ఎవరికీ మాత్ర వెయ్యడానికి లేదు. గుమ్మం ముందు జనం ఒకళ్ళొకళ్ళు జారుకోవడం మొదలెట్టారు. "పెద్దాయనే వద్దన్నారంటే అందులో ఏదో ఉండే ఉంటది" అని ఒకావిడ అంటే, "మరేనండి" అని ఇంకో నలుగురు తలూపారు. పిన్ని ముఖం చిన్నబోయింది. వారం రోజులుగా తిరిగి ఒప్పించిన వీధి కళ్ళముందే చెదిరిపోతోంది. నేను కర్ర పట్టుకుని, కర్ర వెనకాల దాక్కోవడానికి ప్రయత్నిస్తున్నాను.

అప్పుడు మామ్మగారు వంటింట్లోంచి వచ్చారు. మెల్లిగా, గోడ పట్టుకుని వచ్చి, వీధి గుమ్మం మెట్టు మీద అందరికీ కనపడేలా కూర్చున్నారు. చీర కుచ్చిళ్ళు ఎడమవైపు కొంచెం పైకి లాగారు. ఎప్పుడూ నేలమీద జీరాడేలా ఆవిడ చీర ఎందుకు కడతారో నాకు ఆ క్షణంలో అర్థమైంది. కాలు మోకాలి కింద నుంచి స్తంభంలా వాచి ఉంది. చర్మం బరకగా ఉంది గానీ శుభ్రంగా ఉంది, ఎక్కడా పుండు లేదు. జారుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు.

"లోపలికి రా" అన్నారు ప్రెసిడెంటు గారు, చాలా చిన్న గొంతుతో.

"రాను. ఇది నాకు మొదలైనప్పుడు ఈ మందులెక్కడివి? ఇప్పుడు గుమ్మంలోకి తెచ్చి ఇస్తుంటే మూడని, నాలుగని బేరాలాడుతున్నారు. ఈ పిల్ల కాలు కూడా ఇలాగే అవ్వాలా?"

"నేను పిల్లకి వద్దన్నానా?"

"మీరు తినకపోతే ఇది తినదు. మీరు మింగకపోతే వీధి మింగదు. ఇంకెలా వద్దనాలండీ?" ఆవిడ జనం వైపు తిరిగారు. "ఈయన కోపం చూసి భయపడకండమ్మా. రోజూ సాయంత్రం గది తలుపేసుకుని ఈ కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తుడిచి, మందు రాసేది ఈయనే. డాక్టరుగారు ఒక్కసారి చెప్పారు, ఒక్క రోజు మానలేదు."

"ఇవన్నీ ఇప్పుడు చెప్పాలా నువ్వు" అని ఆయన గొణిగారు. మీసం ఒకటే గంభీరంగా మిగిలింది, ముఖం అంతా ఎర్రబడిపోయింది. వీధిలో ఎవరూ నవ్వలేదు. ఆయన పడక్కుర్చీలోంచి లేచి, తిన్నగా వచ్చి కర్ర పక్కన నిలబడి, "మళ్ళీ కొలువు" అన్నారు నాతో.

కొలిచాను. ఈసారి ఎర్ర గీత ఆయన తలకి సరిగ్గా తగిలింది. అనుమానం వచ్చి కిందకి చూశాను (కిందకి చూడటంలో నాకు బాగా అనుభవం కదా). మడమలు రెండూ నేలకి పైన ఉన్నాయి. చెప్పాలా వద్దా? నలభై మంది ముందు ఒక మాజీ ప్రెసిడెంటు మడమల గురించి మాట్లాడటం కన్నా కాలవలో దూకడం సులువనిపించింది. కానీ మెట్టు మీద ఆ పిల్ల, మామ్మ కాలు మీద చెయ్యి వేసి, మా ఇద్దరినీ చూస్తోంది.

"తాతగారూ, మడమలు దించాలండి" అన్నాను. ఈసారి ఆయన ముఖంతోనే అన్నాను.

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "నువ్వు ఆ మెడ ఎత్తు, నేను ఈ మడమలు దించుతాను. ఒకళ్ళం పెంచుకుని, ఒకళ్ళం తగ్గించుకుని, గవర్నమెంటుని మోసం చెయ్యడం దేనికి?"

వీధి అంతా గొల్లున నవ్వింది. నేను మెడ ఎత్తాను. ఎక్కడినుంచో "అబ్బో" అని వినపడింది. ఆయన మడమలు దించారు. మూడే.

ఆ తరవాత ఆయన భోజనానికి కూర్చున్నారు, ఆయన వెనక ఇల్లంతా కూర్చుంది. మాకూ విస్తళ్ళు వేశారు, వద్దంటే వినలేదు. చేతులు కడుక్కుని ఆయన వీధిలోకి వచ్చి, అందరూ చూసేలా మాత్రలన్నీ మింగి, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచి చూపించారు. ఆ వెనక మనవరాలు మింగింది. మేము కర్ర పట్టుకుని వరసగా తక్కిన ఇళ్ళన్నీ తిరిగాం. ఆ రాత్రి ఇద్దరు ముగ్గురికి కాస్త జ్వరం తగిలింది. లోపల పురుగులు చచ్చేటప్పుడు అలా ఉంటుందని పిన్ని ముందే చెప్పడం వల్ల ఎవరూ మా ఇంటి మీదకి రాలేదు.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇప్పటికీ నలుగురిలో గొంతు పెగలడానికి ఒక నిమిషం పడుతుంది. కర్ర వెనకాల దాక్కోవాలని చూసిన ఆ పొడుగాటి పిల్ల గుర్తొస్తే జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. కర్ర వెనకాల ఎవరు దాక్కోగలరు? ఆ వారంలోనే ఉద్యోగం వచ్చి ఊరు వదిలేశాను. మరుసటేడు మాత్రలకి వెళ్ళలేదు, మామ్మగారిని మళ్ళీ చూడలేదు. ఆవిడ నాతో చివరగా మాట్లాడింది ఆ రోజే. సాయంత్రం కర్ర భుజాన వేసుకుని వాళ్ళ ఇంటి మీదుగా వెళ్తుంటే, ఇంకా ఆ మెట్టు మీదే కూర్చుని, కాలు దాచుకోకుండా, నన్ను పిలిచి అన్నారు: "ఎలాగూ అందరూ చూసేశారు కదమ్మాయ్. రేపట్నించి ఇక్కడే కడిగించుకుంటాను. ఆ గదిలో ఆయనకి కళ్ళు ఆనట్లేదు."