పప్పు మెత్తగా ఉడికే నీళ్ళు

అది 1932 వేసవి. కోవిల్పట్టిలో మన్నునూ నీళ్ళనూ పరీక్షించే చిన్న గదిలో నేను కొన్నేళ్ళుగా సహాయకుణ్ణి. రైతులు సీసాల్లో నీళ్ళు, గుడ్డ మూటల్లో మన్ను తెచ్చి, తమ నేలకేం జబ్బో చెప్పమనేవారు. ఓపిగ్గా వినేవాళ్ళంటే నాకిష్టం. వినకుండా తల మాత్రం ఊపేవాళ్ళంటే మహా చిరాకు.

రంగసామి తల ఊపే రకం కాదు. కారియాపట్టి వైపు పల్లె నుంచి బండిలో విరుదునగర్ చేరి, అక్కడ రైలెక్కి వచ్చాడు. విరుదునగర్‌ను ఇంకా పాత పేరుతో విరుదుపట్టి అనే అనేవాడు. అరవంలో మొదలుపెట్టిన మనిషి నా నోట తెలుగు వినగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మా తమ్ముని బావి నీళ్ళయ్యా ఇవి. మంచి నీళ్ళే. ఆ బావి కింద పత్తి మాత్రం ఏటేటా చస్తాంది. మన్నులో ఏముందో చూడండి."

తమ్ముడు వెంకటేశు ఆ బావి తవ్వుతూనే పోయాడట. కరిసల్ నేల, అంటే నల్లరేగడి, గట్టు విరిగి మీద పడింది.

"పావం, చిన్న వయసు. గుంత పూడ్చేద్దామంటిమి. మా మరదలు ఒప్పుకోలా. నగలు అమ్మి మిగతాది తవ్వించింది. నీళ్ళు పడినాయి."

"మంచి నీళ్ళని ఎట్లా తెలుసు?"

"పప్పు వేస్తే పొంగు వచ్చేలోపలే వెన్నయిపోతుందయ్యా! ఊరంతా వంటకు ఆ నీళ్ళే మోసకపోతారు."

ఆ సీమలో నీళ్ళ మంచిచెడ్డలు తేల్చేది కందిపప్పే. ఉడక్కపోతే చెడ్డ నీళ్ళు, ఉడికితే అమృతం. నాకు మాత్రం ఆ మాటతోనే అనుమానం వచ్చింది. సోడా కలిసినా పప్పు అలాగే ఉడుకుతుంది మరి.

పుల్లటివన్నీ యాసిడ్లు, అంటే ఆమ్లాలు; నిమ్మరసం, చింతపులుసు లాంటివి. వాటికి ఎదురు ఆల్కలీలు, అంటే క్షారాలు. చాకలి సోడా, సున్నపు తేట. ఈ రెంటినీ కొలిచేది పి.హెచ్. స్కేలు. సున్నా నుంచి పద్నాలుగు దాకా మెట్లుంటాయి. నడిమి మెట్టు ఏడు, అది స్వచ్ఛమైన నీటిది. కిందికి దిగేకొద్దీ పులుపు, పైకి ఎక్కేకొద్దీ క్షారం. ఒక్క మెట్టు మారితే బలం పదింతలు మారుతుంది.

ఫినాఫ్తలీన్ అనే రంగులేని మందు చుక్క వేస్తే క్షారం గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగసామి నీళ్ళు లేతగా తిరిగాయి, మన్ను కలిపిన నీళ్ళు చిక్కగా తిరిగాయి. రంగుల గొట్టాలతో పోల్చి చూస్తే నీళ్ళు ఎనిమిదిన్నర దాటాయి, మన్ను తొమ్మిదిన్నర. సోడా నీళ్ళు ఏళ్ళ తరబడి పారి రేగడిని పాడుచేశాయి. తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. ఇక వేరు ఎక్కడికి పోతుంది?

అంతా విడమరిచి చెప్పాను. అతను ఆ గులాబీ రంగు నీళ్ళను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"పులుపు దీన్ని విరుస్తుంది గదయ్యా. చింతపులుసు పోస్తేనో?"

ఇంకొకప్పుడైతే నవ్వేవాణ్ణి. "తాలూకాలోని చింతపండంతా పోసినా చాలదు. జిప్సం అని ఒక మెత్తటి రాయి. దాన్ని పొడి చేసి చల్లితే మన్ను సోడాను వదులుతుంది, వాన కడిగేస్తుంది. ఏళ్ళు పడుతుంది. ముందు ఆ బావికి మోట తోలి నీళ్ళు పారించడం ఆపాలి."

"ఆ మాట మా మరదలితో నేను చెప్పలేను. మీరు రండయ్యా. మోట ఆపేటట్టు ఏదన్నా సాకు చెప్పండి."

వెళ్ళాను. ఆ మరదలి పేరు అలమేలు. మజ్జిగ ఇచ్చి, చేను దాకా మాతో వచ్చింది. కాలవ గట్టున మన్ను మీద సోడా తెల్లగా పూసి ఉంది. ఆమె మొహం చూశాక అబద్ధమాడడానికి నాకు నోరు రాలేదు. తడి మన్ను మీద మందు చుక్క వేశాను.

"ఈ రంగు ఏందయ్యా?"

"క్షారమమ్మా. బావి నీళ్ళు చేనును చంపుతున్నాయి. వంటకు పరవాలేదు, పారించకూడదు."

రంగసామి మొహం తిప్పుకున్నాడు. ఆమె మాత్రం ఉలిక్కిపడలేదు.

"నాకు తెలుసయ్యా. గట్టు తెల్లబడిన ఏడే తెలుసు. నోరు తెరిస్తే బావి మూసేస్తారు. మూస్తే ఆయన ఇంకోతూరి పోయినట్టు గదా. అందుకే చెప్పలా."

"ఏమిటికి దాచినావు తల్లీ?" రంగసామి ఆమె వైపు తిరిగాడు.

"మీకు మాత్రం తెలీదా బావా? మీరు చెప్పినారా?"

"అనుమానం ఉండె తల్లీ, నేనూ చెప్పలా," అన్నాడతను. ఆమె మనసు నొప్పించకూడదని అతనూ, బావి పోగొట్టుకోలేక ఆమె కూడా, ఇద్దరూ ఊరుకున్నారు. అలా ఊరుకున్న ఏళ్ళలో చేను పోయింది. అలమేలు వెళ్ళి మోట తాడు తానే విప్పి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

ఆ తర్వాత ఏ బావి నీళ్ళు చెడ్డవని తేలినా ఆ సంగతి కాగితం మీద రాసి పంపలేదు, ఒక్కరి చెవిలో వేసి రాలేదు. ఆ ఊరికి వెళ్ళి, ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి, అందరూ ఒక్కసారే వినేలా చెప్పాను.